కడలిగాలి యెవరి సొత్తు?

గుజరాత్ తీరమున ఖంభాత్ సింధుశాఖయందు 500 మెగావాట్ల గాలిమరలను నెలకొల్పుటకై 2024వ సంవత్సరమున పిలువబడిన టెండరు 2025 ఆగస్టులో రద్దయినది. తమిళనాటి తీరమున 4,000 మెగావాట్ల కొరకు సముద్రగర్భమును కౌలున కిచ్చుటకై పిలిచిన టెండరునకును అదే గతి పట్టినది. పాటకు తగినంతమంది రాకపోవుటయే యిందులకు కారణము. వర్తకవార్తల పుటలలో నెక్కడనో నాలుగు పంక్తులుగా అచ్చయిన యీ సంగతిని, పఠనమందిరములలో పత్రికలు చదువు పెద్దలు చూచియు చూడనట్లు పుట త్రిప్పియుందురు. కాని యిది గుత్తదారులకు మాత్రమే సంబంధించిన వ్యవహారము కాదు. సముద్రముమీద వీచు గాలి యెవరిది? దానిని పట్టి విద్యుత్తుగ మార్చుటలోని కష్టనష్టములను భరింపవలసినవా రెవరు? ఫల మనుభవింపవలసినవా రెవరు? ఈ మూడు ప్రశ్నలకును ఆ నాలుగు పంక్తుల వార్తతో సంబంధ మున్నది.

గాలిమర మనకు క్రొత్త గాదు. 1986లో తూత్తుకుడి వద్దను, ఓఖా వద్దను, రత్నగిరి వద్దను చిన్న చిన్న యంత్రములతో నీ ప్రయత్న మారంభమైనది. అప్పటి యొక్కొక్క యంత్రము శక్తి కేవలము 55 కిలోవాట్లు. నేడు దేశమున భూమిమీద నిలిచిన గాలిమరల మొత్తము శక్తి 50,000 మెగావాట్లను దాటినది. ఈ విషయమున లోకమున మనది నాలుగవ స్థానము. ఏడున్నరవేల కిలోమీటర్లకు మించిన తీరరేఖ గల యీ దేశమున సముద్రమునందు మాత్రము నేటికిని ఒక్క గాలిమరయైనను తిరుగుట లేదు.

భూమిమీద నింత స్థలముండగా సముద్రమున కేల పోవలయునని కొందరడుగుదురు. సమాధానము సులభము. భూమిమీద కొండలు, చెట్లు, ఇండ్లు గాలి కడ్డము. సముద్రముమీద నడ్డము లేదు. గాలి బలముగను నిలుకడగను వీచును. గాలి వేగము రెట్టింపైనచో నందలి శక్తి రెట్టింపు మాత్రమే కాదు, ఎనిమిదిరెట్లగును. కావున వేగమున స్వల్పమైన హెచ్చు కూడ ఫలమున గొప్ప హెచ్చుగ పరిణమించును. ఇంతేకాక నేడు సముద్రమున నిలుపు 15 మెగావాట్ల యంత్రమునకు రెక్క నిడివియే 100 మీటర్లకు మించును. అట్టి రెక్కను మన యూళ్ల మలుపులలో త్రిప్పి కొండమీది కెక్కించుట దుస్సాధ్యము. ఓడమీద నెక్కించుకొని పోవుట సాధ్యము. మన కింకొక లాభమును గలదు. సూర్యరశ్మివలన వచ్చు విద్యుత్తు సాయంకాల మగుసరికి అంతరించును. గృహములలో దీపములు వెలుగు వేళ నది చేతికి రాదు. నైరుతి ఋతుపవనములు వీచు మాసములలో మబ్బు క్రమ్మి సూర్యరశ్మి సన్నగిల్లినప్పుడు సముద్రపుగాలి విజృంభించును. ఒకదాని కొరత నింకొకటి తీర్చును.

ఈ సత్యమును మన ప్రభుత్వమువా రెరుగక పోలేదు. 2015 అక్టోబరులో సముద్రవాయువిద్యుత్తునకు జాతీయవిధానమును ప్రకటించిరి. 2017లో ఖంభాత్ సింధుశాఖయందు గాలిని కొలుచు యంత్రమును నిలిపిరి. గుజరాత్, తమిళనాడు తీరములయందు కలిసి సుమారు 70,000 మెగావాట్లకు అవకాశ మున్నదని లెక్క కట్టిరి. 2022 నాటికి 5,000 మెగావాట్లు, 2030 నాటికి 30,000 మెగావాట్లు సాధింపవలెనని 2018లో లక్ష్యము చెప్పిరి. సముద్రగర్భమును కౌలున కిచ్చు నియమములను 2023 డిసెంబరులో వెలువరించిరి. విధానము, లెక్కలు, లక్ష్యము, నియమములు అన్నియు కలవు. 2022 వచ్చినది, పోయినది. గాలిమర మాత్రము రాలేదు. కాగితముమీద పెరిగిన పైరునకు కోత లేదుగదా!

టెండరు విఫలమైనదని మన దేశము నొక్కదానినే నిందించుట న్యాయము గాదు. ఈ విద్యలో మనకంటె ముప్పదియేండ్లు ముందున్న దేశములకును ఇట్టి పరాభవము తప్పలేదు. బ్రిటనులో 2023 సెప్టెంబరున జరిగిన వేలములో సముద్రపు గాలిమరల కొక్క పాటయు రాలేదు. ఇనుము ధర పెరిగినది, వడ్డీ పెరిగినది. ప్రభుత్వము పెట్టిన గరిష్ఠధర మాత్రము పెరుగలేదు. అది గ్రహించి ధరను సవరించి 2024లో మరల పిలువగా పాటలు వచ్చినవి. డెన్మార్కు 2024 డిసెంబరులో ఉత్తరసముద్రమున 3,000 మెగావాట్లకు ప్రభుత్వ సహాయమేమియు లేని షరతులతో వేలము పెట్టి, ఒక్క పాటయైనను రాక, 2025లో సహాయముతో కూడిన క్రొత్త షరతుల నేర్పరచుకొన్నది. ఆ రెండు దేశములును సముద్రమును విడిచిపెట్టలేదు, షరతులను మార్చుకొన్నవి. ఈ వివేకము మనకును ఆదర్శము కావలయును.

డెన్మార్కు మాట వచ్చినది గనుక నాచరిత్రను కొంచెము విపులముగ చెప్పుట యావశ్యకము. అది చిన్న దేశము; దానికి బొగ్గుగనులు లేవు. 1891లో ఆస్కోవ్ అను గ్రామమునందలి జానపదవిద్యాలయమున పౌల్ లా కూర్ అను నుపాధ్యాయుడు ప్రభుత్వ ధనసహాయముతో గాలిమరనుండి విద్యుత్తును తీయు పరిశోధన సాగించెను. రైతుబిడ్డలకు చదువు చెప్పు బడిలో నాటిన యా విత్తనము నూరేండ్లకు చెట్టయినది. 1991లో లోలాండ్ ద్వీపమునకు సమీపమున, విండెబీ యను చోట, లోకమున మొట్టమొదటి సముద్రపు గాలిమరల తోట వెలసెను. పదునొకండు యంత్రములు, ఒక్కొక్కటి 450 కిలోవాట్లు, మొత్తము కలిపి 5 మెగావాట్లకైనను చాలలేదు. నేటి లెక్కకు నది బొమ్మలాట. కాని పాతికేండ్లకు పైగా పనిచేసి 2017లో తొలగింపబడులోపల లోకమున కొక శాస్త్రమును నేర్పినది.

అంతకంటె గమనింపదగినది కోపెన్‌హేగన్ నగరపు రేవు నెదుట 2000వ సంవత్సరమున వెలసిన మిడిల్‌గ్రుండెన్ తోట. అందు ఇరువది గాలిమరలు, 40 మెగావాట్లు. పదింటికి నగర విద్యుత్ సంస్థ యజమాని. తక్కిన పదింటికి యజమానులు ఎనిమిదివేలకు పైబడిన సాధారణ పౌరులు. వారు సహకారసంఘముగ నేర్పడి వాటాలు కొనిరి. తమ యింటి కిటికీనుండి కనబడు గాలిమర తమదే యన్న భావము గల జనులు దాని నేల యడ్డుదురు? ఆ దేశమున గాలిమర ప్రజలలో నెట్లు వేరు పాతుకొన్నదో తెలియుట కీ యొక్క దృష్టాంతము చాలును. మనవారు డెన్మార్కునుండి యంత్రమును తెచ్చుకొనవలెనని మాత్రమే ఆలోచించుచున్నారు. ఆ సహకారపద్ధతిని కూడ తెచ్చుకొనవలెనని యెవరును తలచుచున్నట్లు కానరాదు.

ఇక మన ధనము సంగతి. 2024 జూనులో కేంద్రమంత్రివర్గము 7,453 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అందు 600 కోట్లు రెండు రేవులను ఈ పనికి తగినట్లు బాగుచేయుటకు. తక్కిన 6,853 కోట్లు గుజరాత్ తీరమున 500, తమిళనాడు తీరమున 500, వెరసి 1,000 మెగావాట్ల నిర్మాణమునకు. అనగా ఒక్కొక్క మెగావాటునకు ఆరుకోట్ల యెనుబదియైదు లక్షల రూపాయలకు పైగా ప్రజాధన సహాయము. ఈ సహాయమును మేము గర్హించుట లేదు. క్రొత్త విద్యకు తొలినాళ్లలో ప్రభుత్వమే పోషకుడు కావలసియుండును. సూర్యరశ్మి విద్యుత్తు తొలుత నెంత ప్రియముగ నుండెనో, నేడు యూనిటు రెండున్నర రూపాయల సమీపమున కెట్లు దిగివచ్చెనో మన మెరుగుదుము. మా ప్రశ్న వేరు. తోట వేయుటకు ధనమిచ్చిన ప్రజలకు తోటలో వాటా యేది? నష్టము వచ్చినచో ఖజానాది, లాభము వచ్చినచో కంపెనీది యను పద్ధతి దానమగును గాని రాజనీతి కాదు.

బ్రిటనులో సముద్రగర్భము రాజాస్తి. దానిని గాలిమరలకు కౌలున కిచ్చుటవలన వచ్చు ఆదాయమున మిగులు ఖజానాకే చేరును. మన దేశమున నట్టి చట్టసౌకర్యము లేకపోలేదు. 1976 నాటి చట్టము సముద్రమునందు మన హక్కులను స్పష్టముగ నిర్ణయించినది. సముద్రగర్భము జాతిదని చట్టము చెప్పుచున్నది. ఆ మాటను కౌలుపత్రములో కూడ చెప్పవలయునని మా వాదము.

గుత్తదారు లేల రాలేదో నిదానముగ విచారింపుడు. సముద్రపుటడుగున మట్టి యెట్టిదో పూర్తిగ తెలియదు. గాలి లెక్క కొన్ని చోట్లనే కలదు. ఏబది అంతస్తుల మేడయంత యెత్తైన యంత్రమును సముద్రమున నిలువబెట్టు ప్రత్యేకమైన ఓడలు మనకు లేవు. అంత బరువును మోయగల రేవుకట్టలు లేవు. విద్యుత్తును కొనువా రెవరో, ఏ ధరకో దీర్ఘకాలపు పూచీ చాలదు. ఇన్ని తెలియనివాటి నడుమ నెవరు దిగుదురు? దిగినవాడైనను ప్రతి సందేహమునకు నొక ధర కట్టి, ఆ మొత్తమును మన కరెంటు బిల్లులో చేర్చును. కావున సందేహములను తొలగించుపని ప్రభుత్వముది. సముద్రగర్భ పరిశోధన, గాలి కొలత, రేవు, తీరమునకు తెచ్చు కేబులు, ఈ నాలుగును ప్రజల సొత్తుగ ముందు సిద్ధపరచినచో, పిమ్మట పాటకు వచ్చువారు ధర తగ్గించి పాడుదురు. బాట వేయక బండిని పిలిచినచో బండి రాదు.

ఇది మన శక్తికి మించిన పనియని నిరుత్సాహపరచువారికి బొంబాయి హై చమురుక్షేత్రమును జ్ఞాపకము చేయుచున్నాము. 1974లో సాగర్ సమ్రాట్ అను త్రవ్వకపుటోడ నచ్చట నిలిపి మన ప్రభుత్వ సంస్థయే చమురును కనుగొన్నది. 1976 నాటికి ఉత్పత్తి నారంభించినది. నడిసముద్రమున ఉక్కుస్తంభములు పాతి, వేదికలు కట్టి, అడుగున గొట్టములు పరచి తీరమునకు చమురును తెచ్చిన యనుభవము మనకు ఏబది యేండ్లనాటిది. అట్టి జాతికి సముద్రమున గాలిస్తంభము పాతుట అపూర్వమైన పని యెట్లగును? ఆ చమురుసంస్థయు, జాతీయ ఉష్ణవిద్యుత్ సంస్థయు 2020లోనే ఈ రంగమున కలిసి పనిచేయుదుమని యొడంబడిక చేసికొన్నవి. తొలి తోటను వారిచేతనే వేయింపుడు. చిన్నదైనను సరియే. విండెబీ తోట యెంత?

మన కొచ్చి ఓడనిర్మాణశాల సముద్రపు గాలిమరల సేవకై ఐరోపా సంస్థల కోరికమీద ఓడలను కట్టుచున్నది. తమిళనాట తయారగు గాలిమరల భాగములు విదేశములకు ఎగుమతి యగుచున్నవి. పొరుగింటి పెండ్లికి పందిరి వేయుచు తన యింట పెండ్లికి పందిరి లేదన్నవాని చందమున నున్నది మన స్థితి.

తూత్తుకుడి రేవు నీ పనికి ఉపయోగింపవలెనను ఆలోచన యున్నది. ఆ రేవునకు 2011లో వి. ఓ. చిదంబరం పిళ్ల పేరు పెట్టిరి. ఆయన చేసిన పని యీ సందర్భమున స్మరణీయము. 1906లో తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంస్థను స్థాపించి, గాలియా, లావో యను రెండు ఓడలను కొని, కొలంబోకు నడిపెను. పోటీకి దిగిన ఆంగ్లకంపెనీ టిక్కెట్టు ధరను తగ్గించుచు పోయి, తుదకు ఉచితముగనే యెక్కించుకొనుటకు సిద్ధపడినది. 1908లో ప్రభుత్వ మాయనను రాజద్రోహనేరముపై ఖైదు చేసి, చెరసాలలో గానుగ త్రిప్పించినది. 1911 నాటికి సంస్థ మూతపడినది. ఆనాడు ఆయనకు లోపించినది ధైర్యము కాదు, దేశాభిమానము కాదు, వాటాలు కొనిన ప్రజల యాదరణ కాదు. వెనుక నిలువవలసిన ప్రభుత్వము పరాయిదగుటయే ఆయనకు వచ్చిన లోటు. నేడు ప్రభుత్వము మనది. ఆయన పేరు గల రేవునుండి పరదేశపుటోడలు పరదేశపు యంత్రములను మోసికొని పోవుటయు, మనము గట్టున నిలిచి చూచుటయు జరిగినచో, రేవునకు పెట్టిన పేరు వ్యర్థము.

ఇన్ని చెప్పియు, అందరికంటె ముందు మాటాడవలసినవానిని మరువరాదు. వాడు బెస్త. సముద్రము మ్యాపులో ఖాళీగ నీలిరంగున కనబడును గాని, వానికి ప్రతి గజమునకు నొక పేరు, ఒక కాలము, ఒక చేప యున్నవి. గాలిమరలు నిలిచిన చోట వల లాగుట కష్టము. కేబులు పోవు దారిన లంగరు వేయరాదు. తమిళనాటి తూర్పు తీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవలు వేటకు పోరాదను నియమ ముండనే యున్నది. మిగిలిన దినములలో కూడ తావు కుదించినచో వారి కుటుంబములు బ్రదుకు టెట్లు? మన్నార్ సింధుశాఖ 1986లో సముద్ర జాతీయవనముగ ప్రకటింపబడిన ద్వీపములు గలది. సముద్రపుటావు అను మందజంతువునకు నదియొక శరణ్యము. అట్టి చోట స్థలనిర్ణయము కొలబద్దతో మాత్రమే జరుగరాదు.

మన యాంధ్రతీరమున నీ విషయమై చేదు అనుభవ మున్నది. 2012లో గోదావరి ముఖమున చమురు అన్వేషణవలన వేట కోల్పోయిన మత్స్యకార కుటుంబములలో వేలమందికి రావలసిన పరిహారము 2019 నవంబరున గాని చేతి కందలేదు. ఏడేండ్లు! వల చిరిగిననాడు వాడు సాయంకాలమునకే బాగుచేసికొనును. బ్రదుకు చిరిగినప్పుడు ప్రభుత్వము ఏడేండ్లు తీసికొనెను. డెన్మార్కు చట్టము ప్రకారము నష్టపోవు మత్స్యకారులకు పరిహార మిచ్చి తీరవలయును. మన చట్టమున నదియే స్పష్టముగ నుండవలయును. అదియు పని ముగిసిన పిమ్మట గాదు, మొదటి స్తంభము పాతుటకు ముందు.

తుపానుల మాటయు న్యాయమైనదే. 2021 మేలో తౌక్తే తుపాను గుజరాత్ తీరమునే తాకినది. ఆ తుపానులోనే బొంబాయి హై సమీపమున పి-305 అను బల్లకట్టు మునిగి యెందరో కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. యంత్రమును తుపానునకు తట్టుకొనునట్లు కట్టవచ్చును. ఏటేట తుపానులు తాకు తైవాను తన సముద్రమున గాలిమరలను నడుపుచున్నది. అంతకంటె కష్టమైనది, హెచ్చరిక వచ్చినప్పుడు లాభనష్టములు చూడక మనుష్యులను గట్టు చేర్చు క్రమశిక్షణ. అది యంత్రముతో కొనవచ్చినది కాదు.

మన యాంధ్రతీరమున తమిళనాడు, గుజరాత్ తీరములంత బలమైన గాలి లేదు. తుపానుల తాకిడియు నెక్కువ. కావున తొలి తోట మనకే కావలెనని పట్టుపట్టుట అవివేకము. కాని చేయదగిన పని లేకపోలేదు. 1948 మార్చిలో నెహ్రూ చేతులమీదుగ జల ఉష అను నోడను నీటికి దింపిన విశాఖపట్టణపు ఓడనిర్మాణశాల మనకున్నది. ఈ క్రొత్త పనికి కావలసిన పడవలను, బల్లకట్టులను కట్టు బాధ్యతలో దానికి వాటా కోరుట మన ధర్మము. మన సాంకేతిక విద్యాలయములలో సముద్రపు పునాదుల శాస్త్రమును బోధించుట యింకొకటి.

ప్రభుత్వమువారిని మేము కోరునది కొలదియే. టెండరు రద్దయిన దన్న నెపమున పథకమును అటకమీద పెట్టవలదు. సముద్రగర్భమును, గాలిని ప్రభుత్వమే కొలిచి, ఆ లెక్కలను బహిరంగముగ ప్రకటింపవలయును. తొలి తోటను ప్రభుత్వ సంస్థలచేతనే వేయింపవలయును. ప్రజాధనము పడిన ప్రతి తోటలోను ప్రజలకు వాటా యుండవలయును. అందొక భాగము తీరగ్రామముల మత్స్యకార సహకారసంఘములకు ప్రత్యేకింపవలయును. స్థలనిర్ణయ సంఘములో వారి ప్రతినిధి లేకుండ నొక్క స్తంభమును పాతరాదు. రెక్కలు, స్తంభములు, ఓడలు నానాటికి నెక్కువ భాగము ఈ దేశముననే తయారగునట్లు గడువులు పెట్టవలయును.

బొగ్గు నేలలో దొరకునది, త్రవ్వుకొలది తరుగును. చమురు నెక్కువగ విదేశమునుండి తెచ్చుకొనుచున్నాము. అచ్చట యుద్ధము వచ్చిన నిచ్చట ధర పెరుగును. గాలి యట్టిది గాదు. ఏటేట నైరుతి మూలనుండి పిలువకయే వచ్చుచున్నది. దానిని చేపట్టు చేతు లెవరివో యిప్పుడే నిర్ణయించుకొనవలయును. ఈ నిర్ణయమును టెండరు కాగితములకు విడిచిపెట్టక, పఠనమందిరములలోను, పురపాలకసభలలోను, రేవుపట్టణముల సంఘములలోను చర్చించి, తమ ప్రతినిధులను నిలదీసి యడుగుడని పాఠకులను కోరుచున్నాము.